కొమ్మలు తర్వాత... ముందు మొదలు!

బోన్సాయ్ అనగానే మీకేం గుర్తొస్తుంది? పళ్లెంలాంటి చిన్న కుండీ, అందులో వంకర్లు తిరిగిన బుల్లి చెట్టు, చుట్టూ కాస్త నాచు. రీల్స్‌లో అయితే ఓ చెయ్యి వచ్చి నాలుగు ఆకులు కత్తిరిస్తుంది, వెనక ఫ్లూట్ వినిపిస్తుంది, ముప్ఫై సెకన్లలో చెట్టు రెడీ.

నా చెట్టుకి నా దగ్గర ఇది అయిదో ఏడు. ఇంకా రీల్‌కి పనికిరాదు. సిమెంటు కలిపే నల్ల ప్లాస్టిక్ తొట్టిలో మోకాలెత్తు మోడు, దాని మీద పిచ్చిగా లేచిన రెమ్మలు. ఇంటికొచ్చిన ఫ్రెండ్స్ "ఎండిపోయిందా బ్రో?" అని జాలిగా అడుగుతారు. ఎందుకంటే అందరూ పైన చూస్తారు. నేను అయిదేళ్లుగా చేసిన పనంతా కింద ఉంది. మట్టిని ఆనుకుని ఉన్న ఆరంగుళాల్లో. ఇదంతా ఆ ఆరంగుళాల కథ.

తిరుపతి వెళ్లొచ్చిన చెట్టు

నేను హ్యూస్టన్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. 2019లో ఎమ్మెస్‌కి వచ్చాను. నా చెట్టు మాత్రం ఇక్కడి లోకల్. పేరు బాల్డ్ సైప్రస్, స్వాంప్ సైప్రస్ అని కూడా అంటారు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల చిత్తడి నేలలు దీని సొంతూరు. పక్కనే ఉన్న లూసియానాకి ఇది రాష్ట్ర వృక్షం కూడా. దూరం నుంచి చూస్తే మన సరుగుడు చెట్టుకి చుట్టంలా ఉంటుంది గానీ ఆ రెండింటికీ ఏ సంబంధం లేదు. ఇది పైన్ చెట్ల తరహా జాతి. ఆ జాతిలో ఎక్కువ చెట్లు ఏడాదంతా పచ్చగా ఉంటాయి. ఇదేమో చలికాలం రాగానే ఇటుక రంగులోకి మారి, ఆకులన్నీ రాల్చేసి బోడిగా నిలబడుతుంది. అందుకే బాల్డ్ అనే పేరు. మన లెక్కలో ఏటా తిరుపతి వెళ్లొచ్చే చెట్టన్నమాట.

దీని అసలు రూపం చూడాలంటే టెక్సాస్, లూసియానా సరిహద్దులో ఉన్న క్యాడో లేక్‌కి వెళ్లాలి. మాకు కారులో నాలుగు గంటలు. అక్కడ చెట్లు నీళ్లలోనే నిలబడి ఉంటాయి. కొమ్మల నుంచి స్పానిష్ మాస్ అనే బూడిదరంగు మొక్క గడ్డంలా వేలాడుతుంది. కానీ నా కళ్లు ఆగిపోయింది కింద. నీళ్లలోంచి పైకి లేచేచోట మాను గుడి గోపురం పీఠంలా వెడల్పుగా ఉంటుంది. నున్నగా కాదు, చీర కుచ్చిళ్లలా నిలువు మడతలతో. పైకి పోయేకొద్దీ ఆ మడతలు సర్దుకుని మాను సన్నబడుతుంది. చుట్టూ నీళ్లలోంచి మోకాళ్లలాంటి కర్ర బొడిపెలు పొడుచుకొస్తాయి. వాటిని ఇక్కడివాళ్లు కూడా మోకాళ్లనే పిలుస్తారు. అవెందుకొస్తాయో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

వయసు సంగతి మరీ ఆశ్చర్యం. నార్త్ కరొలైనాలో బ్లాక్ రివర్ ఒడ్డున ఉన్న ఒక బాల్డ్ సైప్రస్‌కి కనీసం 2,624 ఏళ్లని 2019లో పరిశోధకులు ప్రకటించారు. దాని వలయాలు లెక్కపెట్టి మరీ చెప్పారు. అంత ఆయుష్షు ఉన్న చెట్టుని మూడేళ్ల వీసా మీద బతికే నేను పెంచుతున్నా. ఈ తమాషా గురించి తర్వాత మాట్లాడుకుందాం.

జెండా కర్రని చెట్టుగా మార్చాలంటే

2020 డిసెంబరులో నర్సరీలో కొన్నప్పుడు నా మొక్క ఆరడుగులుంది. మొదలు దగ్గర అంగుళంన్నర మందం, పైనా ఇంచుమించు అంతే. అచ్చం పంద్రాగస్టు జెండా కర్ర.

బోన్సాయ్‌లో మొదట నేర్చుకోవాల్సిన మాట టేపర్. కింద లావుగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడటం. కొబ్బరిచెట్టుకి ఇది పెద్దగా ఉండదు. ఊరి రచ్చబండ దగ్గరి రావిచెట్టుకి ఉంటుంది. ఆ రావిచెట్టు కింద నిలబడి తలెత్తి చూడండి. మాను మొదలు మీ ముందు గోడంత ఉంటుంది, పైన కొమ్మ వేలంత కనిపిస్తుంది. మన కంటికి పెద్ద చెట్టంటే అదే గుర్తు. రెండడుగుల చెట్టుకి అదే కొలత తెస్తే, కన్ను దాన్ని వందేళ్ల చెట్టని నమ్మేస్తుంది. బోన్సాయ్ వాళ్లు వాడే ఓ మోటు లెక్క ఉంది: మొదలు మందం ఒకటైతే ఎత్తు ఆరు. అంటే నాలుగంగుళాల మొదలున్న చెట్టు రెండడుగుల దగ్గర ఆగాలి.

మరి లావు ఎలా వస్తుంది? ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఉంది. చిన్న కుండీలో పెట్టి కత్తిరిస్తూ కూర్చుంటే ఏ చెట్టూ లావెక్కదు. ఆకులు వండిన ఆహారం కిందికి దిగుతూ దారిలో కలపని పెంచుతుంది. ఎక్కువ ఆకులుంటే ఎక్కువ కలప. కాబట్టి ముందు చెట్టుని అడవిలోలా వదిలేయాలి. పెద్ద తొట్టి, బోలెడు ఎరువు, ఫుల్లు ఎండ. అలా పెరిగాక నరకాలి. కొత్త చిగురుని మళ్లీ పెంచాలి, మళ్లీ నరకాలి. ప్రతిసారీ కింద మిగిలిన ముక్క లావుగా, దాని మీద పెరిగే ముక్క కాస్త సన్నంగా ఉంటుంది. అలా మూడు నాలుగు మెట్లు పేరిస్తే టేపర్ వస్తుంది. పది పన్నెండేళ్ల పని.

"తల్లివేరు తీసెయ్ అల్లుడూ"

నరకడానికి ముందు వేర్లు. ఈ విషయంలో నా గురువు యూట్యూబ్ కాదు, మా మావయ్య. ఆయన తూర్పు గోదావరిలో కడియం నర్సరీల్లో ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్నాడు. బాల్డ్ సైప్రస్‌ని ఆయన ఎప్పుడూ చూడలేదు. వీడియో కాల్‌లో చూపిస్తే రెండు నిమిషాలు పరీక్షగా చూసి, "మొక్క పేరేదైతే ఏంట్రా, కుండీలో బతకాల్సిందేగా. తల్లివేరు తీసెయ్ అల్లుడూ. పీచు వేర్లు ఉంచు. మొక్క తినేది వాటితోనే" అన్నాడు.

ఇక్కడి బోన్సాయ్ పుస్తకాలూ సరిగ్గా అదే చెప్తాయి. తల్లివేరు నిలువుగా దిగుతుంది. అది ఉన్నంతకాలం పక్క వేర్లు బలపడవు. దాన్ని తీసేస్తే ఆ బలమంతా పక్కలకి మళ్లుతుంది. పక్క వేర్లు లావెక్కితే మాను మొదలు కూడా వాటితోపాటు వెడల్పవుతుంది. చెట్టు మట్టిని అయిదు వేళ్లతో గట్టిగా పట్టుకున్నట్టు కనిపిస్తుంది. జపాన్ వాళ్లు ఈ భాగాన్ని నెబారి అంటారు. బాల్డ్ సైప్రస్‌లో ఇంకో విశేషం కూడా ఉంది. లావైన ఒక్కో వేరు నుంచి ఒక్కో మడత మాను మీదికి పాకుతుంది. అంటే నాకు క్యాడో లేక్‌లో నచ్చిన ఆ చీర కుచ్చిళ్లకి మూలం వేర్లలోనే ఉంది.

ఈ పనికి సరైన కాలం చలికాలం చివర్లో, మొగ్గలు ఉబ్బే ముందు. 2021 ఫిబ్రవరి గుర్తుందా? టెక్సాస్ గడ్డకట్టిన నెల. హ్యూస్టన్‌లో దాదాపు మైనస్ 10 డిగ్రీలు. కరెంటు లేదు, పైపులు పగిలాయి, మేం నలుగురం ఒకే గదిలో జాకెట్లు వేసుకుని పడుకున్నాం. నా బోడి చెట్టు మాత్రం బయట నేల మీద, చుట్టూ ఎండాకుల కుప్పతో హాయిగా నిద్రపోయింది. ఆకులు రాల్చే చెట్టుకున్న సుఖం అదే. చలి తగ్గాక ఆ నెలాఖరున కుండీలోంచి తీశా. పైపు నీళ్లతో మట్టంతా కడిగా. లోపల గుండ్రంగా చుట్టుకుపోయిన వేర్లు, కింద బొటనవేలంత తల్లివేరు. రంపంతో తల్లివేరు తీసేశా. చుట్టలు కోసేశా. పక్కలకి పోయే వేర్లని చాప మీద జుట్టు ఆరబోసినట్టు నలుదిక్కులా పరిచి, వెడల్పు తొట్టిలో నాటా. వేర్లలో సగానికి పైగా పోయాయి. చాలా జాతులు ఈ దెబ్బకి చచ్చిపోతాయి. ఇది వరదల్లో పుట్టిన చెట్టు కదా, మార్చి నెలాఖరుకి పచ్చని ఈకల్లాంటి చిగురు వేసింది.

నీళ్లలో నానబెట్టడం, దోమల గొడవ

చిత్తడి నేలలో ఈ చెట్టు మొదలు ఎందుకు ఉబ్బుతుందంటే, నీళ్లూ గాలీ మారుతూ తగిలేచోట అది ఎక్కువగా లావెక్కుతుంది. వరద ఎంత ఎత్తు దాకా వస్తుందో ఉబ్బు కూడా దాదాపు అంత ఎత్తు దాకా ఉంటుంది. నీళ్లలేని గట్టు మీద పెరిగిన చెట్టుకి ఇంత ఉబ్బు రాదు. బోన్సాయ్ వాళ్లు దీన్నే కాపీ కొడతారు. ఎండాకాలమంతా తొట్టిని ఇంకో పెద్ద తొట్టిలో పెట్టి, మట్టి పైభాగం దాకా నీళ్లు నింపుతారు. నేనూ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అంతే చేస్తా.

ఇది విన్న అమ్మ కాల్‌లోనే లేచి నిలబడింది. "నీళ్లు నిలవుంచుతావా? డెంగీ తెచ్చుకుంటావురా నాన్నా!" ప్రతి శుక్రవారం డ్రై డే అని మున్సిపాలిటీ మైకులో వినే ఇంటి ఇల్లాలు కదా, ఆ భయం న్యాయమే. దీనికి ఇక్కడ బీటీఐ అనే బ్యాక్టీరియాతో చేసిన బిళ్లలు దొరుకుతాయి. చిన్న వడ సైజులో, మధ్యలో చిల్లుతో సహా. నీళ్లలో వేస్తే దోమ పిల్లల్ని మాత్రం చంపుతాయి, చెట్టుకి ఏమీ కాదు. నెలకో బిళ్ల. అమ్మకి ఫోటో పెట్టాక శాంతించింది.

రెండు ఎండాకాలాలు గడిచేసరికి, అంటే 2022 చివరికి, చెట్టు తొమ్మిదడుగులకి చేరింది. మొదలు అంగుళంన్నర నుంచి మూడంగుళాలకి వచ్చింది. మట్టి దగ్గర నాలుగు మడతలు స్పష్టంగా కనిపించాయి.

రంపం వేసే రోజు

2023 ఫిబ్రవరిలో ఆ తొమ్మిదడుగుల చెట్టుని మట్టి నుంచి పదంగుళాల ఎత్తులో కోసేశా.

మా పనిలో ఏది చేసినా వెనక్కి వెళ్లే దారి ఉంటుంది. కోడ్ పాడైతే పాత వెర్షన్ తెచ్చుకోవచ్చు. రంపానికి కంట్రోల్ జెడ్ లేదు. అందుకే అంతకుముందు నెల రోజులు చెట్టు చుట్టూ తిరిగా. ఏ వైపు వేర్లు బాగున్నాయో అది ముందువైపు. కోత ఏటవాలుగా ఉండాలి, గాయం వెనక్కి తిరిగుండాలి, ముందువైపు అంచున కొత్త చిగురు రావాలి. చాక్‌పీసుతో గీత గీసుకున్నాకే రంపం పట్టా.

ఏప్రిల్‌లో మోడు చుట్టూ ఇరవై ముప్ఫై చిగుళ్లు లేచాయి. ఉత్సాహం కొద్దీ అన్నీ ఉంచుకోకూడదు. ఒకేచోట నాలుగైదు కొమ్మలు పెరిగితే అక్కడ మాను గలగండంలా ఉబ్బి, కింది భాగం కంటే పైది లావవుతుంది. అప్పుడు టేపర్ తలకిందులు. కాబట్టి పైఅంచున ఉన్న ఒక్క చిగురుని నిలువుగా కట్టి దాన్నే కొత్త మానుగా ఎంచుకున్నా. దాని చుట్టూ ఉన్నవి గిల్లేశా.

ఇంకో చిగురుని మాత్రం కింద, మట్టికి మూడంగుళాల ఎత్తులో వదిలేశా. దాన్ని బలి కొమ్మ అంటారు. దాని పని లావు కావడం, కింద మానుని లావు చేయడం, తర్వాత పోవడం. రెండేళ్లలో అది అయిదడుగులు పెరిగింది. బాల్డ్ సైప్రస్‌కి పైకి పరిగెత్తే గుణం చాలా ఎక్కువ, కింది కొమ్మల్ని పట్టించుకోదు. అందుకే పైదాన్ని అప్పుడప్పుడూ గిల్లి ఆపుతూ, కిందిదాన్ని పరిగెత్తనివ్వాలి. ఇంట్లో చురుగ్గా ఉన్న పెద్దాణ్ని కాసేపు కూర్చోబెట్టి చిన్నాడికి బ్యాటింగ్ ఇచ్చినట్టు.

కొత్త మాను మందం పాత మానులో సగం దాటి, మూడింట రెండొంతుల లోపు ఉన్నప్పుడు రెండో కోత వేయాలి. నా లెక్కలో అది 2025 ఫిబ్రవరికి వస్తుంది. ఆ మధ్యలో ఇంకో కోత పడింది. చెట్టుకి కాదు.

అరవై రోజులు

2024 సెప్టెంబరులో ఒక మంగళవారం పొద్దున పదిహేను నిమిషాల మీటింగ్‌లో నా ఉద్యోగం పోయింది. టీమ్‌లో ఆరుగురం. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఆ ఏడాది అలాంటివి చాలా. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా ఇంకో వీసాకి మారాలి, లేదా దేశం వదలాలి. మూడో లాటరీలో వచ్చిన వీసా అది, ఏడాది కూడా నిండలేదు.

మొదటి వారం రెజ్యూమె సర్దుకున్నా. రెండో వారం ఒక లిస్టు రాసుకున్నా. కారు అమ్మాలి. అపార్ట్‌మెంట్ లీజు తెంపాలి. ఎడ్యుకేషన్ లోను నాన్నతో మాట్లాడాలి. నాలుగో లైన్‌లో "చెట్టు" అని రాసి ఆగిపోయా. దాన్ని మట్టితో విమానమెక్కించడం కుదరదు. మట్టి కడిగేసినా పర్మిట్లు, క్వారంటీన్, అరవై రోజుల్లో తేలే పని కాదు.

నిజం చెప్తే కారు కంటే ఆ లైనే ఎక్కువ బాధపెట్టింది. కారు కొన్నవాడు రేపే నడుపుకుంటాడు. సగంలో ఉన్న ఈ మోడు ఎవరికి కావాలి? దీనికి ఒక్క అందమైన కొమ్మ కూడా లేదు. ఇన్నేళ్లు అందరిలా కొమ్మలు పెంచి, వైర్లు చుట్టి, చిన్న కుండీలో పెట్టుంటే కనీసం ఎవరికైనా గిఫ్ట్‌గా ఇచ్చేవాణ్ని కదా అనిపించింది.

ఆ మాటే మావయ్యతో అన్నా. ఆయన నవ్వాడు.

"మేం పెంచే మొక్కలు ఎక్కడికి పోతాయో మాకేం తెలుసు అల్లుడూ? పొద్దున్నే లారీ ఎక్కుతాయి. హైదరాబాదో, బెంగళూరో. కొమ్మలు సగం దార్లోనే విరిగిపోతాయి. పోనీ. మేం చూసుకునేది వేర్లు ఒక్కటే. కింద బాగుంటే ఏ ఊళ్లో దింపినా చిగురేస్తుంది. కింద బాలేకపోతే ఇక్కడే ఉంచినా బతకదు."

ఆయన ఓదార్పుగా ఏమీ అనలేదు, తన పని గురించి చెప్పాడంతే. నాకు మాత్రం లెక్క ఒక్కసారి సరిపోయింది. బాల్డ్ సైప్రస్‌కి కొమ్మలు తేవడం రెండు మూడేళ్ల పని. ఎవరైనా తెస్తారు. న్యూ ఆర్లీన్స్‌కి చెందిన వాన్ బాంటింగ్ అనే ఆయన ఈ చెట్టుకి ఫ్లాట్ టాప్ అనే స్టైల్ తెచ్చాడు. చిత్తడిలోని ముసలి చెట్ల తలలు గొడుగులా పరుచుకుని ఉంటాయి కదా, ఆ రూపం. అది కావాలంటే అలా, మామూలు త్రికోణం కావాలంటే అలా, నా తర్వాత వచ్చేవాళ్లు పైన ఏదైనా చేసుకోవచ్చు. కానీ వేర్ల పరుపు, మొదలు ఉబ్బు, మొదటి మెట్టు టేపర్, ఇవి వెనక్కి వచ్చి కలపగలిగేవి కావు. ఆలస్యం చేస్తే మొత్తం మళ్లీ కోయాల్సిందే. అంటే తక్కువ టైమ్ ఉన్నవాడు చేయాల్సిన పని కూడా అదే. నేను చేస్తున్నదీ అదే.

ఆ రాత్రి చెట్టుకి రెండు పేజీల నోట్ రాశా. ఏ నెలలో నీళ్లు నింపాలి, ఎప్పుడు తీయాలి, బలి కొమ్మ ఏది, రెండో కోత ఎక్కడ. ఇక్కడి బోన్సాయ్ క్లబ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు, డెబ్బై దాటాయి. ఆయనకి ఫోటోలు పంపితే కొమ్మల గురించి ఒక్క మాట కూడా అడగలేదు. "మొదలు దగ్గర నాలుగు వైపులా ఫోటోలు పంపు" అన్నాడు. పంపా. "నువ్వు వెళ్తే నేను తీసుకుంటా, వెళ్లకపోతే నువ్వే పెంచు" అని రిప్లై వచ్చింది. లిస్టులో మొదట టిక్ పడింది ఆ నాలుగో లైన్‌కే.

51వ రోజున వేరే కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. పిటిషన్ గడువులోపే పడింది.

ఇప్పుడు

అనుకున్నట్టే 2025 ఫిబ్రవరిలో రెండో కోత వేశా, బలి కొమ్మని తీసేశా. మట్టి దగ్గర ఇప్పుడు నాలుగంగుళాలు. మొదటి కోత గాయం అంచుల నుంచి కొత్త బెరడు లోపలికి పాకుతోంది, ఇంకో రెండేళ్లకి మూసుకుంటుంది. మడతలు ఆరయ్యాయి. మోకాళ్లు ఇంకా రాలేదు, వాటికి చాలా ఏళ్లు పట్టొచ్చు.

నా వీసా 2026 అక్టోబరు దాకా ఉంది. తర్వాత రెన్యువల్. ఆపైన ఏమవుతుందో అమ్మ వారానికోసారి అడుగుతుంది, నేను వారానికోసారి "చూద్దాంలే అమ్మా" అంటాను. ఆ రెండు పేజీల నోట్ మాత్రం ఫోన్‌లోనే ఉంది. ప్రతి సీజన్‌కీ అప్‌డేట్ చేస్తుంటా.

మీలో ఎవరికైనా ట్రై చేయాలనిపిస్తే బాల్డ్ సైప్రస్ కోసం వెతకక్కర్లేదు. గోడ పగుళ్లలో మొలిచే రావి, జువ్వి మొక్కలున్నాయి. వానాకాలంలో జాగ్రత్తగా తీసి, తల్లివేరు కత్తిరించి, పక్క వేర్లని వెడల్పు తొట్టిలో పరిచి నాటండి. రెండేళ్లు ఏమీ కత్తిరించకండి. పిచ్చిగా పెరగనివ్వండి. ఫ్రెండ్స్ నవ్వుతారు, పర్లేదు. నెలకోసారి మట్టి కాస్త పక్కకి తోసి మొదలు దగ్గర వేలు పెట్టి చూడండి. లావెక్కుతోందా, అంతే చాలు.